ఢిల్లేశ్వరరావు తొట్టెకు పట్టిన పాచి

నీళ్ళు అమ్ముకునేవాడి గుమ్మంలో పాచి పడితే అదెంత నామర్దాయో తెలియాలంటే ఢిల్లేశ్వరరావును అడగాలి. అడిగినా చెప్పడు. మాట మార్చేసి, మీ ఇంటికి నీళ్ళ టిన్ను కావాలా అంటాడు. అందుకని ఆ సంగతేదో మనమే చెప్పుకోవాలి.

వజ్రపుకొత్తూరు వెళ్ళే రోడ్డు మీద, జీడితోటలు అయిపోయి ఇళ్ళు మొదలయ్యే చోట అతని వాటర్ ప్లాంటు ఉంది. ప్లాంటు అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్డు, అందులో నీళ్ళు వడకట్టే మిషను, ముందు రెండు కుళాయిలు, కూర్చోడానికి ఓ ప్లాస్టిక్ కుర్చీ, అంతే. ఈ ఉద్దానం ప్రాంతంలో బోరు నీళ్ళంటే జనానికి హడలు. కిడ్నీ జబ్బు తొంగిచూడని వీధి లేదు. అది నీళ్ళ వల్లనో, మరి దేని వల్లనో తేల్చి చెప్పినవాళ్ళు లేరు. తేలేదాకా ఆగడానికి దాహం ఊరుకోదు కదా. అందుకే ఇక్కడ కూలికి వెళ్ళేవాడు కూడా వడకట్టిన నీళ్ళ సీసా చంకలో పెట్టుకునే వెళతాడు.

చెన్నైలో సెంట్రింగు పని చేసి చేసి, చాలు బాబోయ్ అనుకుని తిరిగొచ్చి ఢిల్లేశ్వరరావు ఈ ప్లాంటు పెట్టాడు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఇంటింటికీ కుళాయి నీళ్ళు వచ్చాయి. ఊరికి మంచిదే, కాదనడం లేదు. ఢిల్లేశ్వరరావుకు మాత్రం గండం. టిన్నులు తగ్గుతూ వచ్చాయి. ఇలాగే తగ్గితే ప్లాంటుకు తాళం వేసి మళ్ళీ చెన్నై రైలెక్కి కర్రలు మోయాలి. నలభై దాటిన నడుము ఆ మాట వింటేనే కలుక్కుమంటోంది.

అలాంటి రోజుల్లో పన్ను పీకించుకోడానికి కాశీబుగ్గ వెళ్ళాడు. డాక్టరు గదిలో గాజు తొట్టె, అందులో తిరుగుతున్న చేపలు, చుట్టూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్న జనం. వాళ్ళు నోరు తెరిచింది పంటినొప్పికే కావచ్చు గానీ ఢిల్లేశ్వరరావు బుర్రలో బల్బు వెలిగింది. ప్లాంటు ముందు తొట్టె పెడితే? అందులో తన మిషను నీళ్ళే పోస్తే? చేప హాయిగా తిరుగుతుంటే ఆ నీళ్ళకు ఇంక వేరే సర్టిఫికెట్టు ఎందుకు?

తిన్నగా చేపల దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు గౌరీశంకర్ మాటకారి. బొమ్మ మొక్కలు చాలన్న ఢిల్లేశ్వరరావును చూసి జాలిపడ్డాడు.

“అన్నా, ప్లాస్టిక్ మొక్క పెడితే సూసినోడేటనుకుంతాడు? ఈడి నీళ్ళల్లో మొక్క మొలవదు కాబోలు అనుకుంతాడు. బతికున్న మొక్కలెట్టు. సూడు మరి నీ పేరు!”

ఆ ముక్క గుండెకు తగిలింది. గౌరీశంకర్ చేతులారా ఇచ్చిన రిబ్బను గడ్డి, ఎర్రాకు మొక్క, రంగుతోకల గప్పీ చేపలు, గులకరాళ్ళు, పొడుగాటి లైటు, అన్నీ ఆటోలో వచ్చి దిగాయి. మర్నాటికి తొట్టె మీద బోర్డు కూడా లేచింది: “మా చేపలు తాగే నీళ్ళే మీరూ తాగండి.”

ఎదురుగా టీకొట్టు నడిపే సూర్యారావు ఆ బోర్డు కూడబలుక్కుని చదివాడు. వరసకు బావ అవుతాడు, కనక అనకుండా ఉండలేడు.

“అయితే సేపలు తాగ్గా మిగిలినియ్యా, మాకు పోత్తన్నావు?”

ఢిల్లేశ్వరరావు భార్య నూకరత్నం సముద్రం ఒడ్డున పుట్టి, వల పక్కన పెరిగిన మనిషి. తొట్టె చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, గప్పీలను ఎగాదిగా చూసింది.

“మా అయ్య వల్లో ఇలాటియ్యి పడితే కాకులకి ఇసిరీసీవోడు. కూరకి రావు, పులుసుకి రావు. ఈటికి అద్దాల మేడొకటి, దీపమొకటి!” అని వెళ్ళిపోయింది.

ఎవరేమన్నా మొదట్లో తొట్టె జనాన్ని బాగానే లాగింది. టిన్నుకు వచ్చినవాళ్ళు చేపలు చూశారు, చేపలు చూడ్డానికి వచ్చినవాళ్ళు మొహమాటానికి టిన్ను పట్టుకెళ్ళారు. చూసినవాళ్ళు ఊరికే ఉంటారా? మన జనానికి చేప కనిపిస్తే చెయ్యి ఆగదు. ఒకరు మరమరాలు, ఒకరు బిస్కట్టు, జీడిపిక్కలు కొట్టే కార్ఖానా నుంచి వచ్చే ఆడవాళ్ళు కొంగున ఉన్న బద్దలు. చేపకు మేత వేస్తే పుణ్యమని ఓ ముసలావిడ రోజూ గుప్పెడు వేసి కళ్ళకద్దుకునేది. ఢిల్లేశ్వరరావు అడ్డు చెప్పేవాడు కాడు. పుణ్యం వాళ్ళది, టిన్ను తనది. లైటు సంగతి సరేసరి. తెల్లారి షట్టరు ఎత్తినప్పుడు వేసింది మళ్ళీ షట్టరు దించేదాకా ఆర్పేవాడు కాడు. దుకాణమన్నాక దీపం వెలగాలి కదా అని అతని లెక్క.

ముందు మొక్కలు ముఖం మాడ్చుకున్నాయి. కొత్తగా వచ్చే ఆకులు పాలిపోయి వచ్చాయి, పాతవాటికి చిల్లులు పడ్డాయి. ఆ తర్వాత అద్దం మీద పచ్చటి పొడి పేరుకుంది. ఆకుల అంచుల్లో గెడ్డంలాగా పాచి మొలిచింది. గుడ్డ పెట్టి తుడిచాడు. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. గోకాడు, మళ్ళీ వచ్చింది. అసలు మొక్క ఆకు వేయడానికి ఏడుస్తుంటే, ఎవరూ పిలవని ఈ పాచి మాత్రం అల్లుడిలాగా దర్జాగా కూర్చుంది.

గౌరీశంకర్ దగ్గరికి పరుగెత్తాడు. గౌరీశంకర్ దగ్గర ప్రతి రోగానికీ ఓ సీసా ఉంది. సీసాతోపాటు పాచి తింటుందని ఓ నల్లటి చేపను కూడా అంటగట్టాడు, సక్కర్ చేపట. ఆ చేప వచ్చిన పూట కాస్త పాచి నాకినట్టే చేసింది. మర్నాడు మరమరాల రుచి తగిలాక పాచి వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. తిని, అడుగున పడుకుని, తిన్నదానికి సాక్ష్యంగా పొడుగాటి దారాలు వదులుతూ ఉండేది.

ఇంక ఢిల్లేశ్వరరావుకు తెలిసిన వైద్యం ఒక్కటే మిగిలింది. నీళ్ళు మార్చడం. రోజూ తొట్టెలో సగం తోడేసి మిషను నీళ్ళు పోశాడు. అంతకంటే శుభ్రమైన నీళ్ళు భూమ్మీద ఉంటాయా? పోసినకొద్దీ మొక్కలు ఇంకా పాలిపోయాయి. ఆకు పసుపెక్కితే ఏం చెయ్యాలో ఉద్దానంలో ఎవరిని అడిగినా చెబుతారు. ఎరువెయ్యాలి. పెరట్లో కొబ్బరిచెట్లకు తెచ్చిన ఎరువు ఉండనే ఉంది. చెట్టుకు వేసేంత వేయలేదు పాపం, గుప్పెడే వేశాడు. ఆ గుప్పెడు ఓ చెట్టుకు చాలదు గానీ ఓ తొట్టె కొంప ముంచడానికి బోలెడు. కొన్ని గప్పీలు వెల్లకిలా తేలాయి. తొట్టె నిండా నీళ్ళు గోంగూర ఉడకబెట్టిన కుండలాగా పచ్చగా చిక్కబడిపోయాయి. లోపల చేప ఉందో లేదో కనపడదు. పైన బోర్డు మాత్రం స్పష్టంగా కనపడుతోంది.

“నీ సేపలేటయ్యాయో గానీ, మేం కూడా ఈ పచ్చ నీళ్ళే తాగాలేటి?” అంది రజని. ఆవిడ అంగన్‌వాడీలో ఆయా, పిల్లల కోసం రోజూ టిన్ను పట్టే మనిషి. నవ్వుతూనే అంది గానీ మర్నాడు టిన్ను తేలేదు. ఆవిడ రాకపోతే ఆవిడ వీధి రాలేదు.

తొట్టె తీసి పారేద్దామా అని ఢిల్లేశ్వరరావు సూర్యారావును అడిగాడు.

“తీసేత్తే ఈడి నీళ్ళకి సేపలు సచ్చాయంతారు. ఉంచితే నీళ్ళు మురిగాయంతారు,” అని సూర్యారావు టీ వడకట్టాడు. “రెండిట్లో ఏది కావాలో నువ్వే ఎంచుకో, ఢిల్లీ.”

ఆ రోజు ఢిల్లేశ్వరరావు చావుకొచ్చిన మొక్కల్లో సగం పీకి ఇంటికి తెచ్చి గేదె ముందు వేశాడు. గేదె వాసన చూసి మొహం తిప్పుకుంది. నూకరత్నం విసుక్కుంటూ వాటిని పెరట్లో చేతిబోరు కింద ఉన్న పగిలిన టబ్బులో పడేసింది. అక్కడితో ఇద్దరూ వాటిని మరిచిపోయారు.

మళ్ళీ కొన్నాళ్ళకు కాళ్ళు కడుక్కోడానికి బోరు దగ్గరికి వెళ్ళిన ఢిల్లేశ్వరరావు టబ్బులోకి చూసి ఆగిపోయాడు. కొబ్బరిచెట్టు నీడన, అంట్లు కడిగే చోట, ఎవరూ పట్టించుకోని ఆ టబ్బులో రిబ్బను గడ్డి నిగనిగలాడుతోంది. లేత ఆకులు వేసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. పాచి లేదు. దీపం లేదు, సీసా మందు లేదు, మరమరాలు వేసే పుణ్యాత్ములు లేరు. ఉన్నవల్లా బోరు నీళ్ళు.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు అతనికి. ఆ బోరంటే అతనికి ఒళ్ళు మంట. తండ్రి దాని నీళ్ళే తాగి బతికాడు, కిడ్నీలు పాడై పోయాడు. చివర్లో డాక్టర్లు గుక్కెడు నీళ్ళు కూడా కొలిచి తాగమన్నారు. ఎండాకాలం మంచం మీద పడుకుని, పెరట్లో బోరు కొట్టే చప్పుడు వినిపించినప్పుడల్లా ఆ ముసలాయన కొడుకు మొహంలోకి చూసేవాడు. కొడుకు ఇవ్వలేదు. ఇవ్వకూడదు కనకే ఇవ్వలేదు, అయినా ఆ చూపు అతన్ని వదల్లేదు. ఆ తర్వాత బోరు నీళ్ళు అంట్లకూ గేదెకూ తప్ప మనిషి నోటికి తగలకూడదని ఇంట్లో కట్టడి చేశాడు. ప్లాంటులో కూడా మిషనుకు వెళ్ళే బోరు పైపుకు మధ్యలో కుళాయి పెట్టించలేదు, ఎవరైనా పట్టుకు తాగేస్తారని భయం. అలాంటిది ఇప్పుడు ఆ నీళ్ళనే తన చేత్తో తన తొట్టెలో పోయాలి.

ఫోనులో వీడియోలు చూశాడు, టబ్బు ముందు గొంతుక్కూర్చుని ఆలోచించాడు. మెల్లగా సంగతి బోధపడింది. తన మిషను మురికితోపాటు సున్నం, ఉప్పు, నేల సారం అన్నీ ఊడ్చేస్తోంది. మొక్కకు తిండి లేదు. తిండి లేని మొక్క ఎదగదు. మొక్క తినలేక వదిలేసిన మరమరాల కుళ్ళూ, చేపల రెట్టా, గుప్పెడు ఎరువూ, పొద్దస్తమానం దీపమూ, అన్నీ పాచికి పెళ్ళి విందు అయ్యాయి.

మధ్యాహ్నం పూట ఊరు ఊరంతా కునుకు తీసే వేళ చూసుకుని, పెరట్లో బోరు కొట్టి, తన ప్లాంటు టిన్నులోనే ఆ నీళ్ళు పట్టి, మూత బిగించి, బండి మీద ప్లాంటుకు చేర్చాడు. టిన్ను మీద తన పేరే ఉంది కనక ఎవరికీ అనుమానం రాదని ధీమా. పచ్చనీళ్ళు చాలావరకు తోడేసి, సగం మిషను నీళ్ళు, సగం బోరు నీళ్ళు పోశాడు. చిటికెడు పొటాషు ఎరువు వేశాడు, ఈసారి గుప్పెడు కాదు, నిజంగా చిటికెడే. పచ్చదనం విరగాలంటే కొన్నాళ్ళు తొట్టెకు వెలుతురు తగలకూడదని వీడియోలో చెప్పారు. కిందటేడు అయ్యప్ప మాల వేసినప్పటి నల్ల పంచె తెచ్చి తొట్టెకు చుట్టేశాడు.

ఇంక చూడాలి జనం బాధ. గాజుపెట్టె కనపడదు, నల్ల పంచె కనపడుతుంది. మొదటి రోజు లోపలేముందని అడిగారు. రెండో రోజు ఎవరో అగరొత్తి గుచ్చి వెళ్ళారు. ఆ తర్వాత పుణ్యం ముసలావిడ కొబ్బరికాయ కొట్టబోతుంటే ఢిల్లేశ్వరరావు పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

“ఒద్దమ్మా! ఆ నీళ్ళు పడితే మళ్ళీ పాచొచ్చేత్తాది!”

“సామికి కొబ్బరినీళ్ళు పడవేటి నాయనా?” అని ఆవిడ నొచ్చుకుంది.

పంచె విప్పిన రోజు తొట్టె తేటగా ఉంది. చేపల ఒంట్లో ముళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. అప్పట్నుంచి ఢిల్లేశ్వరరావు దీపం సాయంత్రం కాసేపే వెలిగించాడు. మేత వేసే చేతులకు దండం పెట్టి వెనక్కి పంపాడు. బోరు నీళ్ళు మరీ ఎక్కువైతే అద్దం మీద తెల్లటి చారలు కట్టేవి, తక్కువైతే ఆకు పాలిపోయేది. ఆకు చూసి నీళ్ళు కలపడం నేర్చుకున్నాడు. రిబ్బను గడ్డి దుబ్బు కట్టింది, ఎర్రాకు మొక్క నిజంగానే ఎర్రబడింది. రజని టిన్ను తిరిగొచ్చింది, ఆవిడ వెనకాల ఆవిడ వీధి వచ్చింది. జనం తొట్టె ముందు నిలబడి సెల్ఫీలు కూడా తీసుకున్నారు. ఢిల్లేశ్వరరావు అందరితోపాటు నవ్వేవాడు గానీ, తలెత్తి బోర్డు వైపు చూసేవాడు కాడు.

మధ్యాహ్నం ఊరంతా నిద్రపోతుంది గానీ టీకొట్టువాడు నిద్రపోడు. ప్లాంటు ముందు జనం ముసిరి ఉన్న ఓ రోజు సూర్యారావు గ్లాసు కడుగుతూ రోడ్డు దాటి వచ్చాడు.

“ఢిల్లీ, నాకో డౌటు. ఈ ఊళ్ళో టిన్నులన్నీ ప్లాంటు కాడ్నించి నిండుగా ఇళ్ళకెల్తాయి, ఇళ్ళ కాడ్నించి ఖాళీగా ప్లాంటుకొత్తాయి. మీ ఇంటి టిన్నొక్కటీ నిండుగా ఇటు వత్తన్నాది. ఏటిది?”

జనమంతా ఢిల్లేశ్వరరావు వైపు తిరిగారు. గేదె పాలనో మరోటనో అనెయ్యొచ్చు. కానీ ఆ మనిషికి అబద్ధం నోట్లోనే అడ్డం పడుతుంది.

“బోరు నీళ్ళు బావా. తొట్టెకి.”

“బోరు నీళ్ళా?” అంది రజని. “మరి నీ సేపలు తాగే నీళ్ళే మేమూ తాగుతన్నామని బోర్డెట్టినావే! మాక్కూడా అయ్యే పట్టి ఇత్తన్నావేటి?”

“అయ్యో, అమ్మతోడు నేదు! మీకు మిషను నీళ్ళే. మన మిషను నీళ్ళల్లో మొక్క బతకదు రజనీ. ఆటిల్లో ఏటీ ఉండదు, అందుకని…”

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. రజని టిన్ను కింద పెట్టేసింది.

“మొక్కే బతకనేని నీళ్ళు మా పిల్లగుంటలకి పట్టుకెల్తన్నానా నాను?”

అందరూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. బోరు నీళ్ళన్నందుకు సగం మంది, ఏమీ లేని నీళ్ళన్నందుకు సగం మంది. ఢిల్లేశ్వరరావు చెవుల్లో చెన్నై రైలు కూత పెట్టింది. అప్పుడే అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చిన నూకరత్నం ఆ గోలంతా కాసేపు విని, క్యారేజీ కుర్చీలో పెట్టింది.

“రజనీ, పొద్దున్న ఏటి తిన్నావే?”

“నానేటి తింతే నీకేటి? సద్దన్నం, నెత్తళ్ళ కూర.”

“మరా మొక్కేటి తింది?”

“మొక్కేటి తింతాదే, ఎర్రిదానా!”

“అదీ. నీకు కంచం వేరు, సెంబు వేరు. సెంబులో నీళ్ళు సుబ్బరంగా ఉంటే సాలు, కూడు కంచంలో ఉంతాది. దానికి కంచమూ సెంబూ ఆ నీళ్ళే. మా ఇంటాయన దాని ముందు ఉత్త సెంబెట్టి, నా నీళ్ళెంత సుబ్బరమో సూడు, తాగి బతుకు అన్నాడు. ఆకలికి సావదా మరి? ఇప్పుడు దాని కూడు ఇంటికాడ్నించి తెత్తన్నాడు. నీ సెంబులో నీళ్ళు నీయే, దాని కూడు దానిదే.”

ఈ ముక్క ఇన్నాళ్ళూ తన నోటికి ఎందుకు రాలేదా అని ఢిల్లేశ్వరరావు పెళ్ళాం వైపు గుడ్లప్పగించి చూశాడు. తర్వాత కుర్చీ ఎక్కి బోర్డు ఊడదీసి, రాతను గోడకు తిప్పి పెట్టాడు. రజని కాసేపు తొట్టెనూ, కాసేపు కుళాయినీ చూసి, టిన్ను ఎత్తి కుళాయి కింద పెట్టింది. ఇద్దరు ముగ్గురు ఈ గొడవంతా మాకెందుకని వట్టి టిన్నులతో వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు రజని వెనక వరస కట్టారు.

జనం చెదిరాక నూకరత్నం క్యారేజీ విప్పుతూ, “దొంగలాగ మద్దేన్నం పూట మోత్తన్నావని నాకు తెల్దనుకున్నావేటి? బోరు కొట్టిన సప్పుడు ఇనబడదా?” అంది.

“అది కొట్టినప్పుడల్లా అయ్య మంచం మీంచి నాకేసి సూత్తన్నట్టుంతాది రత్నం. ఆయనకి ఇయ్యని నీళ్ళు గడ్డికి పోత్తన్నాను.”

నూకరత్నం అన్నం కలిపి అతని ముందుకు తోసింది.

“ఆయనకి పడవని మానిపించినావు. దీనికి కావాలని పోత్తన్నావు. రెండూ సాకడమే మావా. రేపట్నించి బోరు నాను కొడతాను, నువ్వు టిన్ను పట్టు.”

మర్నాడు పట్టపగలు, నడిరోడ్డు మీద, మూత కూడా లేని బకెట్టులో ఢిల్లేశ్వరరావు బోరు నీళ్ళు మోసుకొస్తున్నాడు. టీకొట్టు దగ్గర బెంచీ నిండా మనుషులు.

“ఏటి ఢిల్లీ, దానికి కూడు తెత్తన్నావా?” అని సూర్యారావు అక్కణ్ణించే అరిచాడు.

“తెత్తన్నాను బావా!”

“కూరేటి?”

“సిటికెడు పొటాషు!” అని అందరికీ వినపడేలా చెప్పి, నీళ్ళు తొణక్కుండా అతను ప్లాంటులోకి వెళ్ళాడు.